ఫోటో సరే, అది ఏ మొక్క మీద వాలింది?

పోయిన సంచికలో ఎడారి సీతాకోకచిలుకల గురించి రెండు ముక్కలు రాసినప్పటి నుంచి ఉత్తరాలు, మెయిళ్ళు ఆగట్లేదు. సగం మంది "ఎడారిలో సీతాకోకచిలుకలేంటి?" అని, మిగతా సగం "నా ఫోన్లో ఉన్నది ఏ జాతో చెప్పండి" అని. రెండో రకం వాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తున్నా, ఫోటో ఒక్కటే పంపితే చాలదు. ఎందుకు చాలదో కింద చదివితే మీకే తెలుస్తుంది. ఒకే ప్రశ్న పది మంది అడిగిన చోట ఒక్కరిదే వేశాం, కోపం తెచ్చుకోకండి.

ప్రశ్న: థార్ ఎడారికి వెళ్ళినప్పుడు ఇసుక మధ్యలో ఒక పచ్చటి పొద చుట్టూ ఏడెనిమిది సీతాకోకచిలుకలు తిరుగుతూ కనిపించాయండి. రెక్కలు నారింజ, గులాబీ కలిపినట్టుండే లేత రంగు, అంచులు నల్లగా, ఆ నలుపులో చిన్న చిన్న చుక్కలు. వాటితోపాటే రెండు తెల్లవి కూడా ఉన్నాయి. ఇవి రెండు జాతులా? పేర్లేమిటి? ఫోటోలు జత చేశాను.

జవాబు: రంగులు చక్కగా వర్ణించారు గానీ నాకు ఎక్కువ పనికొచ్చింది మీ ఫోటోలో వెనకాల ఉన్న పొద. ఆకులు దళసరిగా, కండపట్టినట్టు, కొమ్మకి ఎదురెదురుగా ఉన్నాయి చూడండి. అది సాల్వడోరా పెర్సికా, అంటే పళ్ళు తోముకునే మిస్వాక్ పుల్లలిచ్చే చెట్టు. ఆ చెట్టుని నమ్ముకుని బతికే సీతాకోకచిలుకల్లో కొలోటిస్ అమటా ఒకటి. ఇంగ్లీషులో స్మాల్ శాల్మన్ అరబ్ అంటారు, ఆ రంగు శాల్మన్ చేప కండ రంగులా ఉంటుంది కాబట్టి. మీరు చూసిన రంగువి అవే అని దాదాపు ధైర్యంగా చెప్పగలను.

పేచీ అంతా తెల్లవాటితోనే. ఈ జాతిలో ఆడవి రెండు రకాలుగా ఉంటాయి, కొన్ని మగవాటిలాగే శాల్మన్ రంగులో, కొన్ని తెల్లగా. అంటే మీరు చూసిన తెల్లవి అదే జాతి ఆడవి కావచ్చు. కానీ అదే చెట్టు మీద కొలోటిస్ వెస్టాలిస్ అని ఇంకొకటి కూడా గుడ్లు పెడుతుంది, అది మామూలుగానే తెల్లదే. మీ రెండో ఫోటో కాస్త షేక్ అయింది, రెక్కల అడుగు వైపు కనపడట్లేదు, కాబట్టి ఆ రెండింటి విషయం నేను తేల్చను. ఒక్క పొద చుట్టూ ఒక్క జాతి రెండు రంగుల్లో తిరగొచ్చు, రెండు జాతులు ఒకే రంగులో కూడా తిరగొచ్చు. వర్గీకరణలో ఉన్న తలనొప్పి మొత్తం మీ ఒక్క ఉత్తరంలోనే ఉందండి.

ప్రశ్న: 'ఎడారి సీతాకోకచిలుకలు' అనేది ఒక కుటుంబమా? శాస్త్రవేత్తలు వాటిని విడిగా ఒక గుంపుగా పెట్టారా?

జవాబు: లేదు. ఎడారి అనేది అడ్రస్, ఇంటిపేరు కాదు. ప్రపంచంలో సీతాకోకచిలుకలు పద్దెనిమిది, పంతొమ్మిది వేల జాతులు ఉంటాయి, వాటిని ఏడు కుటుంబాలుగా విడగొట్టారు. ఆ ఏడింట్లో ఆరు కుటుంబాల వాళ్ళూ ఎడారిలో కాపురం పెట్టారు. సహారాలో ఎగిరే పాపిలియో సహారే తోకరెక్కల కుటుంబం. పైన చెప్పిన కొలోటిస్‌లు తెలుపు, పసుపు రెక్కలవాటి కుటుంబం. అమెరికా ఎడారుల్లో ఉప్పునేలల మీద, సాల్ట్‌బుష్ పొదల చుట్టూ తిరిగే వెస్టర్న్ పిగ్మీ బ్లూ నీలిరెక్కల కుటుంబం, రెక్కలు పూర్తిగా చాపినా 12 నుంచి 20 మిల్లీమీటర్లే, చూపుడు వేలి గోరు మీద పట్టేస్తుంది. ఏడో కుటుంబం హెడిలిడే ఒక్కటే దీనికి దూరం. అవి అమెరికా ఖండాల ఉష్ణమండలంలో ఉండేవి, చాలావరకు రాత్రుళ్ళు తిరుగుతాయి, చూడ్డానికి దీపం చుట్టూ తిరిగే మాత్‌లలాగే ఉంటాయి.

ఎడారిలో ఉన్నవి లేత రంగులో, చిన్న సైజులో ఒకదాన్నొకటి పోలినట్టు అనిపిస్తే అది చుట్టరికం కాదు. ఒకే ఎండలో నిలబడ్డవాళ్ళందరూ ఒకే రకంగా కళ్ళు చిట్లించినట్టు, అంతే.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. ఎడారిలో నీళ్ళుండవు కదా, సీతాకోకచిలుకలు ఏం తాగుతాయి?

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. పువ్వులోని తేనెలో చక్కెర ఎంత ఉన్నా మిగతాది చాలావరకు నీళ్ళే, కాబట్టి అన్నం, నీళ్ళు రెండూ ఒకే గ్లాసులో దొరికినట్టు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడైతే నమిలే ఆకులోనే దానికి కావలసిన తడి దొరుకుతుంది. తెల్లవారుజామున మంచు పడితే అదీ పీలుస్తుంది. ఎప్పుడైనా తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి కనిపిస్తే జాగ్రత్తగా చూడు, వాటిలో ఎక్కువ మగవే ఉంటాయి. అవి వచ్చింది దాహానికి మాత్రమే కాదు, ఆ తడిలో కరిగిన ఉప్పు కోసం. ఆకుల్లో, తేనెలో సోడియం చాలా తక్కువ. మగది దాన్ని పోగుచేసుకుని జతకట్టినప్పుడు ఆడదానికి కూడా ఇస్తుంది, ఆమె నుంచి అది గుడ్లకి చేరుతుంది.

ప్రశ్న: 45 డిగ్రీల ఎండలో అంత పల్చటి రెక్కలు కాలిపోవా? శరీరంలో చల్లబరిచే ఏర్పాటు ఏదైనా ఉందా?

జవాబు: మనం అనుకున్నదానికి సీతాకోకచిలుక సమస్య కొంచెం తిరగేసి ఉంటుంది. దానికి వేడి కావాలి. ఎగరాలంటే ఛాతీ కండరాలు, చాలా జాతుల్లో, దాదాపు 30 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్యకి వేడెక్కాలి. పొద్దున్నే రెక్కలు చాపుకునో, మూసి ఒక పక్కకి ఒరిగో ఎండ కాగేది అందుకే. ఎడారిలో చిక్కేమిటంటే ఆ లెక్క పొద్దున ఎనిమిదికే పూర్తయిపోతుంది, తొమ్మిది దాటితే మించిపోతుంది. అప్పుడు రెక్కలు మూసేసి, వాటి పల్చటి అంచు సూర్యుడి వైపు ఉండేలా తిరుగుతుంది. నేల మీద దాని నీడ సన్నటి గీతలా మిగిలేంతగా ఎండ తగిలే వైశాల్యం తగ్గించేస్తుంది. ఇంకా ముదిరితే పొద లోపలికి దూరి మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చుంటుంది. ఎడారికి మధ్యాహ్నం వెళ్ళి "ఒక్కటీ లేదు" అని తిరిగొచ్చేవాళ్ళకి తెలియనిది ఇదే, అవి అక్కడే, మీ మోకాలి ఎత్తు కొమ్మల్లోనే ఉంటాయి.

రెక్క మాత్రం మనం అనుకునేలా ఎండిన కాగితం కాదు. 2020లో కొలంబియా, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇది బాగా చూపించారు. రెక్కల ఈనెల్లో ప్రాణమున్న కణాలు ఉంటాయి, కొన్ని జాతుల మగవాటిలో వాసన వెదజల్లే మెత్తటి భాగాలూ ఉంటాయి. ప్రాణమున్న ఈ చోట్ల రెక్క పొర మందం, పొలుసుల సూక్ష్మ నిర్మాణం వేరుగా ఉండి, మిగతా రెక్క కంటే వేడిని బయటికి ఎక్కువగా వెదజల్లుతాయి. రెక్క మీద ఒక చిన్న చుక్క మేర కాంతి ప్రసరింపజేసి వేడి చేస్తే సీతాకోకచిలుక వెంటనే పసిగట్టి పక్కకి తిరిగిపోయింది. అంటే రెక్కకి వేడి తెలుస్తుంది.

ఇక గొంగళిపురుగు సంగతి. దానికి రెక్కల్లేవు, ఎగిరిపోలేదు, తినే మొక్క దగ్గరే ఉండాలి. అమెరికా నైరుతి ప్రాంతంలో పైప్‌వైన్ స్వాలోటెయిల్ అనే జాతి గొంగళిపురుగులు మామూలుగా నల్లగా ఉంటాయి. వేడి 30 డిగ్రీలు దాటే చోట పెరిగినవి ఎర్రగా తయారవుతాయి, ఎరుపు ఎండలో నలుపంత వేడెక్కదు కాబట్టి. అదీ చాలకపోతే నేల సెగ తప్పించుకోవడానికి తాము తినని పక్క మొక్కలు కూడా ఎక్కేస్తాయి. ఇక్కడ ఫోటోగ్రాఫర్లకి చిన్న హెచ్చరిక: గొంగళిపురుగు ఏ మొక్క మీద ఉంటే అదే దాని తిండి అని రాసెయ్యకండి. ఆకు కొరికిన గుర్తుందా లేదా చూడండి.

ప్రశ్న: రెండు మూడేళ్ళు వాన పడకపోతే ఆ జాతి అక్కడ అంతరించినట్టే కదా? మళ్ళీ వానొచ్చాక అవి ఎక్కడి నుంచి వస్తాయి?

జవాబు: అక్కడే ఉంటాయి, ప్యూపాలో, అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూడు దశలో నిద్రపోతూ. డెజర్ట్ ఆరెంజ్‌టిప్ అని అమెరికా ఎడారుల్లో చిన్న జాతి ఉంది, శాస్త్రీయ నామం ఆంథోకారిస్ సెథురా. వసంతంలో కొద్ది వారాలు ఎగురుతుంది, ఆవజాతి అడవి మొక్కల మీద గుడ్లు పెడుతుంది, ఆ మొక్కలు ఎండేలోపు గొంగళిపురుగు పెరిగి ప్యూపా అయిపోవాలి. ఆ తర్వాతి వసంతంలో వాన సరిగ్గా పడకపోతే ప్యూపా పగలదు. ఆ మరుసటి ఏడూ అంతే. అలా కొన్నేళ్ళు గడిపేస్తుంది. వాన పడినా అన్నీ ఒకేసారి బయటికి రావు, కొన్ని వెనకే ఉండిపోతాయి. తొలకరికే గింజలన్నీ చల్లెయ్యకుండా కొన్ని దాచుకునే రైతు పద్ధతి. ఆ వాన మోసం చేసినా జాతి మిగులుతుంది.

ఎన్నేళ్ళు ఆగగలవు అని మీరు తప్పకుండా అడుగుతారు. సీతాకోకచిలుకల్లో కాదు గానీ వాటి చుట్టాలు మాత్‌లలో ఒక రికార్డు ఉంది. యక్కా మొక్కలో పెరిగే ప్రొడోక్సస్ వై-ఇన్వర్సస్ లార్వాలని పరిశోధకుడు జెర్రీ పావెల్ దాచి ఉంచితే, కొన్ని 30 ఏళ్ళ తర్వాత మాత్‌లై బయటికొచ్చాయి. 2001లో ఆయన ఆ ఫలితాన్ని ప్రచురించారు. మనిషి ఉద్యోగంలో చేరి రిటైరయ్యేంత కాలం!

కరువు తర్వాత వాన పడితే కొన్ని జాతులు లెక్కలేనన్ని పుట్టుకొస్తాయి. టెక్సాస్‌లో స్నౌట్ సీతాకోకచిలుకలు ఇందుకు పేరుమోసినవి. కరువుకి వాటిని తినే పరాన్నజీవి కందిరీగలు చచ్చిపోతాయి, వానకి డెజర్ట్ హాక్‌బెర్రీ పొదలు ఒక్కసారిగా చిగురిస్తాయి, తిండి ఎక్కువ, శత్రువు తక్కువ. 1921లో అక్కడ సాగిన వలస 18 రోజులు నడిచిందని, నిమిషానికి రెండున్నర కోట్లు పోయాయని అప్పట్లో అంచనా కట్టారు. ఎవరు ఎలా లెక్కపెట్టారని నన్నడగొద్దు, అంచనా అంటే అంచనానే, కానీ ఆకాశం కమ్మేసినట్టు ఉండి ఉంటుంది.

ప్రశ్న: రెండు సీతాకోకచిలుకలు ఒకేలా ఉంటే ఒక జాతి అంటారు, మళ్ళీ కాదు రెండు అంటారు, ఇంకోసారి ఉపజాతి అంటారు. నాకైతే ఇది శాస్త్రంలా లేదు, పంచాయితీలా ఉంది. అసలు జాతి అని ఎవరు, ఎలా తేలుస్తారు?

జవాబు: పంచాయితీ అన్న మాట నాకు నచ్చింది, కాదనను. కాకపోతే ఇందులో సాక్ష్యాలు అడుగుతారు.

మొదట్లో సాక్ష్యం ఒక్కటే, కంటికి ఎలా కనిపిస్తుందన్నది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తన 'సిస్టమా నాచురే' పుస్తకం పదో ముద్రణలో సీతాకోకచిలుకలన్నిటినీ ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కింద, పాపిలియో అని, పెట్టాడు. జంతువుల పేర్ల లెక్క ఆ ఏడాది నుంచే మొదలవుతుంది. అంతటివాడూ బోల్తా పడ్డాడు. యూరప్‌లో ఒక సీతాకోకచిలుక వసంతంలో నారింజ రంగులో, ఎండాకాలంలో నల్లగా తెల్ల పట్టీతో పుడుతుంది, ఒకే తల్లి సంతానపరంపర. లిన్నేయస్ వాటికి లెవానా అని, ప్రోర్సా అని రెండు పేర్లు పెట్టేశాడు. పెంచి చూసినవాళ్ళకి గానీ అవి రెండూ ఒకటేనని తెలియలేదు. ఎడారుల చుట్టుపక్కల ఈ గొడవ ఇంకా ఎక్కువ, ఎందుకంటే కొలోటిస్ లాంటివాటికి వాన కాలం రూపం ఒకటి, ఎండు కాలం రూపం ఒకటి.

దీనికి సరిగ్గా ఎదురు కథ పాపిలియో సహారేది. చూడ్డానికి యూరప్, ఆసియాల్లో విస్తారంగా ఉండే పాపిలియో మకావోన్‌లాగే ఉంటుంది, పసుపు రెక్క, నల్ల గీతలు, వెనక తోక. 1879లో ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త ఓబర్థ్యూర్ దీనికి పేరు పెట్టాడు, తర్వాత చాలామంది "ఇది మకావోన్‌కి ఎడారి ఉపజాతి, అంతే" అని కొట్టిపారేశారు. తేడా ఎక్కడ దొరికిందో తెలుసా? మీసాల్లో. స్పర్శశృంగంలో కణుపులు మకావోన్‌కి 33 నుంచి 36, సహారేకి 30 లేదా 31. గొంగళిపురుగు రూపం, జన్యువులు కూడా తోడయ్యాక ఇప్పుడు వేరే జాతిగానే చూస్తున్నారు. ఇలాంటి ఒక తోకరెక్క నమూనా కణుపులు నేనూ ఒకసారి సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కపెట్టబోయాను. మొదటిసారి 31, రెండోసారి 33, మూడోసారి మధ్యలో ఎవరో పలకరిస్తే మొదటికొచ్చింది. మొదట్లో కణుపులు పొడుగ్గా, విడివిడిగా, గడ్డిపరక కణుపుల్లా ఉంటాయి. చివర గదలా ఉబ్బిన చోటికొచ్చేసరికి ఒకదాన్నొకటి నొక్కుకుని గీతల్లా మిగులుతాయి, సరిగ్గా అక్కడే లెక్క తప్పుతుంది. రెండు మూడు కణుపుల తేడాతో ఒక జాతి నిలబడిందంటే, ఆ లెక్క పెట్టినవాళ్ళ ఓపికకి దండం పెట్టాలి.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే విడగొట్టడమే గొప్ప అనుకుంటారు. మోహవీ, సోనోరన్ ఎడారుల్లో నల్లదీ పసుపుదీ రెండు రూపాల్లో ఎగిరే తోకరెక్క ఉంది. ఒకప్పుడు దాన్ని పాపిలియో రడ్కినీ అని సొంత జాతిగా రాసేవారు. తర్వాత పాపిలియో పోలిక్సెనెస్‌లో ఉపజాతిగా కలిపి, కొలోరో అనే పేరు కింద పెట్టారు. ఆ జాతిలో మిగతావి ఎక్కువగా క్యారట్ కుటుంబం మొక్కలు తింటుంటే ఇది ఎడారిలో టర్పెంటైన్ బ్రూమ్ అనే నిమ్మజాతి పొద మీద బతకడం నేర్చుకుంది. తిండి మారింది, రంగు మారింది, అయినా జాతిగా నిలబడలేదు.

'జతకట్టి సంతానం కనే గుంపే జాతి' అని 1942లో జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మేయర్ చెప్పిన నిర్వచనం చాలామందికి తెలిసే ఉంటుంది. అది బాగానే ఉంటుంది, రెండు గుంపులూ ఒకచోట ఎగిరితే. ఎడారిలో అవి ఎక్కడ కలుస్తాయి? ఒక గుంపు ఒక కొండ మీద, ఇంకొకటి మధ్యలో వంద కిలోమీటర్ల ఇసుక దాటాక ఇంకో కొండ మీద. కలిసే అవకాశమే లేనివాళ్ళకి కలుస్తారా కలవరా అని పరీక్ష ఎలా పెడతాం?

ఎడారిలో నాకు అన్నిటికంటే నమ్మకమైన సాక్ష్యం మొక్కే అనిపిస్తుంది. యూఫిలోటెస్ అనే చిన్న నీలిరెక్కలు పశ్చిమ అమెరికాలో ఉన్నాయి. అడవి బక్‌వీట్ మొక్క, అంటే ఎరియోగోనమ్, పూసినప్పుడే ప్యూపా నుంచి బయటికొస్తాయి, ఆ మొగ్గల మీదే గుడ్లు పెడతాయి, పువ్వులు తినే గొంగళిపురుగులు ఆ పూతకాలంలోనే పెరిగిపోతాయి. ఎరియోగోనమ్‌లో ఒక జాతి వసంతంలో పూస్తుంది, ఇంకొకటి ఎండలు తగ్గుముఖం పట్టాక. ఒకే లోయలో రెండూ ఉంటే, వసంతం మొక్కని నమ్ముకున్న నీలిరెక్కలు చచ్చిపోయాక ఎన్నో నెలలకి గానీ రెండో రకం ఎగరదు. పక్కపక్కన పెడితే నేను తేడా చెప్పలేను. కానీ ఒకదాని మొహం ఇంకొకటి జన్మలో చూడదు. ఇలాంటివాటిని కంటితో కాకుండా క్యాలెండర్‌తో విడదీస్తారు. ఏది జాతి, ఏది ఉపజాతి అని యూఫిలోటెస్ మీద నిపుణులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. అదే బక్‌వీట్ మీద బతికే అపోడెమియా మోర్మో, అంటే మార్మన్ మెటల్‌మార్క్ గుంపుదీ ఇదే పరిస్థితి.

క్రోమోజోములు కూడా సాక్ష్యమే. మొరాకో అట్లాస్ కొండల్లో ఉండే పోలియోమ్మాటస్ అట్లాంటికా అనే నీలిరెక్కకి 229 జతల క్రోమోజోములు, మనకి 23 జతలే. దాని దగ్గరి చుట్టాల్లో ఈ లెక్క జాతిజాతికీ మారిపోతుంది, రెక్కలు మాత్రం కవలల్లా ఉంటాయి.

ప్రశ్న: ఇంత కష్టం దేనికండీ? డీఎన్‌ఏ టెస్ట్ చేస్తే అయిపోతుంది కదా.

జవాబు: చాలావరకు అవుతుంది, కానీ 'అయిపోదు'. కెనడాలోని గెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం 2003లో డీఎన్‌ఏ బార్‌కోడింగ్ ప్రతిపాదించింది, మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగం) జన్యువు ఒకదానిలో దాదాపు 650 అక్షరాల ముక్క చదివి జాతి గుర్తుపట్టడం. ఒక్క కాలు చాలు. మరుసటి ఏడాదే కోస్టారికాలో ఒకే జాతి అనుకున్న అస్ట్రాప్టెస్ ఫుల్గరేటర్‌లో పది జాతులున్నాయని ప్రకటించారు. రెక్కలు ఒకటే, గొంగళిపురుగుల రంగులు వేరు, అవి తినే మొక్కలు వేరు. అందరూ ఆహా అన్నారు. 2006లో అదే డేటాని మళ్ళీ విశ్లేషించి, పది లేవు, తక్కువే అని ఇంకొకరు రాశారు. చూశారా, డీఎన్‌ఏ వచ్చినా పంచాయితీ పోలేదు.

ఇంకో చిక్కు వోల్బాకియా అనే బ్యాక్టీరియా. అది తల్లి గుడ్డు ద్వారా పిల్లకి పోతుంది, మైటోకాండ్రియా కూడా అదే దారిలో పోతుంది. ఒక జాతి నుంచి ఇంకో జాతికి ఈ బ్యాక్టీరియా ఎప్పుడైనా సంకరం వల్ల చేరితే, దాంతోపాటు మైటోకాండ్రియా కూడా పాకిపోతుంది. అప్పుడు రెండు వేర్వేరు జాతులకి ఒకే బార్‌కోడ్ వస్తుంది. ఒక్క జన్యువు మీద తీర్పు చెప్పకూడదు అనేది అందుకే.

డీఎన్‌ఏ అద్భుతంగా పనికొచ్చిన చోటు పాత నమూనాలు. శాన్‌ఫ్రాన్సిస్కో ఇసుక దిబ్బల మీద జెర్సీస్ బ్లూ అనే నీలిరెక్క ఉండేది. ఎడారి కాదు గానీ బతుకు ఇసుకలోనే. ఆ దిబ్బల మీద ఊరు పెరిగి 1940లకల్లా పూర్తిగా పోయింది. అది నిజంగా సొంత జాతేనా, లేక ఇంకా బతికున్న సిల్వరీ బ్లూలో ఒక రకమేనా అని దశాబ్దాలు వాదించుకున్నారు. చికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న 93 ఏళ్ళ నమూనా నుంచి చిన్న ముక్క తీసి చదివితే, 2021లో వేరే జాతే అని తేలింది. సూదికి గుచ్చి, కింద చిన్న చీటీ రాసి పెట్టినవాడికి అప్పటికి డీఎన్‌ఏ అంటే ఏమిటో తెలియదు. ఆ చీటీ లేకపోతే ఈ జవాబూ లేదు.

ప్రశ్న: కొన్ని పేర్ల చివర పేరు పెట్టినాయన పేరు, సంవత్సరం బ్రాకెట్లో ఉంటాయి, కొన్నిటికి బ్రాకెట్ ఉండదు. అచ్చుతప్పా?

జవాబు: కాదండి, బ్రాకెట్‌కి అర్థం ఉంది. ఆయన మొదట పెట్టిన ప్రజాతిలోనే ఆ జాతి ఇప్పటికీ ఉంటే బ్రాకెట్ రాదు. పాపిలియో మకావోన్ లిన్నేయస్, 1758 అన్నట్టు. తర్వాత ఎవరైనా దాన్ని వేరే ప్రజాతిలోకి మారిస్తే బ్రాకెట్ వస్తుంది. మన శాల్మన్ రంగుదాన్ని ఫాబ్రిసియస్ పాపిలియో అమటా అన్నాడు, ఇప్పుడు కొలోటిస్‌లో ఉంది కాబట్టి కొలోటిస్ అమటా (ఫాబ్రిసియస్, 1775). ఒక్క బ్రాకెట్ చూసి 'ఓహో, దీనికి ఇల్లు మారింది' అని చెప్పెయ్యొచ్చు.

ప్రశ్న: పెయింటెడ్ లేడీ సహారా దాటుతుందని విన్నాను. గ్రాము బరువు కూడా లేని ప్రాణి, నమ్మేదేనా?

జవాబు: నమ్మొచ్చు. వనెస్సా కార్డుయీ యూరప్ నుంచి శరదృతువులో సహారా దాటి దక్షిణాన ఉన్న సవన్నా గడ్డిభూములకి పోతుంది, అక్కడ గుడ్లు పెడుతుంది, వాటి సంతానం వసంతానికి ఉత్తరానికి తిరిగొస్తుంది. రెక్కల్లో ఉన్న హైడ్రోజన్ ఐసోటోపులు అది ఏ ప్రాంతపు నీటితో పెరిగిందో చెబుతాయి, తిరుగు ప్రయాణం సంగతి అలా పట్టుకున్నారు. రానూపోనూ 12,000 నుంచి 14,000 కిలోమీటర్లు, కాకపోతే ఒక్కటే తిరగదు, తరాలు మారతాయి. ఆఫ్రికాలో వానలు బాగా పడి పచ్చగా ఉన్న ఏడాది యూరప్‌లో వసంతానికి ఇవి విరగబడి కనిపిస్తాయి.

ఇంకా విచిత్రం, 2013 అక్టోబర్‌లో ఫ్రెంచ్ గయానా తీరంలో, అంటే దక్షిణ అమెరికాలో, ఇసుక మీద అలసిపోయి వాలిన పెయింటెడ్ లేడీలు కొన్ని దొరికాయి. ఆ ఖండంలో ఈ జాతి ఉండదు. వాటి ఒంటికి అంటుకున్న పుప్పొడి డీఎన్‌ఏ చదివితే ఆఫ్రికా పొదలది. గాలి వాటాన అట్లాంటిక్ మీద కనీసం 4,200 కిలోమీటర్లు వచ్చాయని 2024లో ప్రచురించారు. ఇక్కడా దారి చూపించింది మొక్కే.

ఎడారి ప్రత్యేకతల జాబితాలో మాత్రం దీన్ని వేయలేను. ఇది దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, దీని గొంగళిపురుగు తినే మొక్కల రకాలు వందకి పైనే. అందుకే ఎక్కడైనా బతికేస్తుంది. ఒకే చెట్టుని పట్టుకుని కూర్చునే కొలోటిస్‌కి ఆ సౌకర్యం లేదు, చెట్టు కొట్టేస్తే దాని కథ అక్కడితో సరి.

ప్రశ్న: సరే, ఇకనుంచి మీకు పనికొచ్చేలా ఫోటోలు ఎలా తీయాలి? నాకు కెమెరా లేదు, ఫోనే. అవి ఒక్క క్షణం కూడా ఆగవు, ఒక్క ఫోటోకే ఛాన్స్ దొరుకుతుంది.

జవాబు: ఒక్కటే దొరికితే రెక్కలు మూసుకున్నప్పుడు అడుగు వైపు తీయండి. అందరూ రెక్కలు విప్పినప్పటి రంగుల కోసం ఎదురుచూసి అదీ పోగొట్టుకుంటారు. చిన్న నీలిరెక్కల్లో జాతిని పట్టించే చుక్కలు, గీతలు ఎక్కువగా అడుగు వైపే ఉంటాయి. రేగు పొదల చుట్టూ తిరిగే టారుకస్‌లైతే అదీ చాలదు, అవి ఒకదాన్నొకటి ఎంత పోలి ఉంటాయంటే చాలాసార్లు జననాంగాల నిర్మాణం చూస్తే గానీ తేలదు. అందుకే వాటి ఫోటో పంపితే 'టారుకస్, ఏదో ఒకటి' అనే జవాబొస్తుంది, బద్ధకం అనుకోకండి. నీడ పడకుండా సూర్యుడికి ఎదురుగా మెల్లగా వెళ్ళండి, మీ నీడ దాని మీద పడిందంటే పోయినట్టే. పొద్దున్న ఎనిమిదిలోపు వెళ్తే ఇంకా ఒళ్ళు వేడెక్కక కాసేపు ఆగుతుంది. టైము, తేదీ రాసుకోండి.

అది ఎగిరిపోయాక ఫోన్ జేబులో పెట్టుకోకండి. అది వాలిన కొమ్మ, ఆకు పైవైపు, కిందివైపు, ముల్లు ఉంటే ముల్లు, కాయ ఉంటే కాయ తీయండి. అవెక్కడికీ ఎగిరిపోవు.